లారీ టైర్లు ఆన్‌లైన్లోనా, అంగట్లోనా? రెండు చోట్లా దెబ్బ తిన్నవాడి జవాబు

అన్నా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కడపలో పది టైర్ల లారీ, ఎర్రగుంట్ల నుంచి బెంగళూరుకు సిమెంటు తోలుతున్నారు. ముందు రెండు, హౌసింగ్ (ఇంజన్ తిప్పే వెనక ఇరుసు) నాలుగు, మొత్తం ఆరు టైర్లు మార్చాలి. సైజు 10.00 ఆర్ 20, ట్యూబు టైర్లు. ఆన్‌లైన్లో టైరుకు 1,800 రూపాయలు తక్కువ చూపిస్తోంది, ఊళ్ళో డీలరు దిగిరావడం లేదు. హైవే పక్క డిస్కౌంటు గోడౌన్ వాడు ఇంకా తక్కువకు ఇస్తానంటున్నాడు. ఎవరి దగ్గర కొనాలి?

మాది తాడిపత్రి. రెండు బండ్లున్నాయి, ఎక్కువగా బండలు, అప్పుడప్పుడు సిమెంటు. ఈ మూడు చోట్లా నేను టైర్లు కొన్నాను, మూడు చోట్లా ఏదో ఒకటి నేర్చుకున్నాను. ముందు టైర్లు రెండూ ఊళ్ళోనే కొనండి, అందులో నాకు రెండో మాట లేదు. హౌసింగ్ టైర్ల విషయం మీ ఓపికను బట్టి. గోడౌన్ సంగతి తర్వాత చెప్తాను.

2022 వేసవిలో నేనూ మీలాగే రాత్రి పన్నెండు దాకా ఫోన్లో ధరలు చూసి, డమ్మీకి (ఇంజన్ తిప్పని, ఊరికే బరువు మోసే వెనక ఇరుసు) ఒక జోడీ ఆన్‌లైన్లో పెట్టాను. రెండింటి మీద 3,400 మిగిలాయని మా ఇంట్లో కూడా గొప్పగా చెప్పుకున్నా. వారానికి ఫోన్ వచ్చింది, సరుకు అనంతపురం ట్రాన్స్‌పోర్టు గోడౌన్లో దిగింది, వచ్చి తీసుకుపొమ్మని. లారీ టైరు ఒక్కొక్కటి అరవై కిలోల దాకా ఉంటుంది, సెల్‌ఫోన్ డబ్బా మాదిరి గడప దగ్గర పెట్టి పోరు కదా. చిన్న ఆటో మాట్లాడుకొని తాడిపత్రికి తెచ్చుకునేసరికి 1,500 అయింది. విప్పి చూస్తే ట్యూబు లేదు, ఫ్లాపు (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య వేసే రబ్బరు పట్టీ) లేదు. ఆన్‌లైన్లో చూపించింది ఒట్టి టైరు ధర. మన డీలరు చెప్పేది టైరు, ట్యూబు, ఫ్లాపు కలిపి సెట్టు ధర. రెండు సెట్లకు ట్యూబులు, ఫ్లాపులు కొనేసరికి నాలుగు వేలు దాటింది. ఇది నా తెలివితక్కువతనమే, కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. మీకు కనిపిస్తున్న ఆ 1,800 తేడా కూడా ఇట్లాంటిదేనేమో ఇంకోసారి చూడండి.

అంతకన్నా పెద్ద తప్పు, బిగించాక చూసుకున్నాను. టైరు గోడ మీద డాట్ అని మొదలయ్యే నంబరు చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నా రెండు టైర్లలో ఒకదాని మీద 1222 అని ఉంది, అంటే 2022లో పన్నెండో వారం, మార్చి సరుకు. రెండోదాని మీద 3020. కరోనా మొదటి ఏడాది జూలైలో తయారై, రెండేళ్ళు ఏదో షెడ్డులో పడుకున్న టైరు. ఒకే జోడీకి ఒకటి కొత్తది, ఒకటి పాతది పంపారు. అంగట్లో అయితే వంగి చూసి "ఇది వద్దు, ఇంకోటి దింపు" అంటాం. ఫోన్లో ఎవరికి చెప్తాం?

ఐదు నెలలు బాగానే నడిచాయి. ఒకరోజు పెనుకొండ దాటాక మా డ్రైవర్ టీకి ఆపి, అలవాటు ప్రకారం కడ్డీతో టైర్లన్నీ తట్టుకుంటూ వచ్చాడు. పాత స్టాకు టైరు కాదు, ఆ మార్చి టైరుకే షోల్డర్ (పైభాగం, పక్క గోడ కలిసే అంచు) దగ్గర అరచేయంత బొబ్బ. ఆయన తట్టకపోయుంటే ఎండలో ఇంకో యాభై కిలోమీటర్లకు పేలేది, పక్క టైరునూ తీసుకుపోయేది. స్టెప్నీ ఎక్కించుకొని వచ్చాడు.

అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే ఫొటోలు పెట్టమన్నారు. మూడు రోజులకు జవాబు: తయారీలో లోపమైతే కంపెనీ చూసుకుంటుంది, దగ్గర్లోని డీలర్ దగ్గరికి వెళ్ళండి. డీలర్ దగ్గరికి పోతే ఆయన కాదనలేదు గానీ, "నా దగ్గర కొన్నవాళ్ళవే నాలుగు ఉన్నాయి, అవి అయినాక చూస్తాలే" అన్నాడు. ఆయన జాగాలో నేనున్నా అదే అంటాను. టైరును చూసేది కంపెనీ ఇన్‌స్పెక్టర్, ఆయన ఎప్పుడొస్తే అప్పుడే. ఆయన వచ్చాక అడిగింది బిల్లు. నా బిల్లులో టైరు సీరియల్ నంబరు లేదు. దాన్ని రప్పించడానికి ఇంకో పది రోజులు. మొత్తం ఇరవై నాలుగు రోజులు స్టెప్నీ లేకుండా బండి తిప్పాను. ప్రతి ట్రిప్పూ టెన్షనే.

క్లెయిమ్ చివరికి పాసైంది, ఆ మాట కూడా చెప్పాలి. కానీ క్లెయిమ్ అంటే కొత్త టైరు ఊరికే ఇస్తారని అనుకోవద్దు. అరిగినంత మేర మన ఖాతాలో రాస్తారు. కొత్తలో బటన్ (టైరు పైన గాట్ల) లోతు 16 మిల్లీమీటర్లు అనుకుందాం, ఇప్పుడు 10 ఉంది. అంటే ఆరు వాడేశాం, 37.5 శాతం. టైరు ధర 22,000 అయితే 8,250 మనం కట్టాలి. అదీ తయారీ లోపమని తేలితేనే. రాయి కోసినా, గాలి తక్కువతో నడిపినా, ఓవర్‌లోడు అని వాళ్ళకు అనిపించినా ఏమీ రాదు. మన బండలు, సిమెంటు బండ్లకు ఆ చివరి కారణం చెప్పడం వాళ్ళకు చాలా సులువు. అక్కడ మన తరఫున ఒక మాట మాట్లాడేవాడు ఉంటే ఫలితం వేరుగా ఉంటుంది. ఆ మరుసటి ఏడాది ఊళ్ళో కొన్న టైరుకు ఇట్లాంటి బొబ్బే వస్తే, డీలరు ఆ సాయంత్రమే తన దగ్గరున్న పాత టైరు ఒకటి ఎక్కించి "ట్రిప్పు చూసుకో పో, దీని సంగతి నేను చూస్తా" అన్నాడు. ఆ మాట ధర ఏ వెబ్‌సైటులోనూ కనపడదు.

అట్లాగని ఊరి డీలర్లందరూ ధర్మరాజులని చెప్పడం లేదు. 2019లో ఇంకో డీలరు దగ్గర నాలుగు టైర్లు ఉద్దరకు తెచ్చాను, నలభై ఐదు రోజుల గడువు. టైరు 22,000 వేశాడు. తర్వాత మా బావమరిది అదే టైరు అదే వారం నగదుకు 20,800కే తెచ్చుకున్నాడని తెలిసింది. నాలుగింటి మీద 4,800 తేడా. ఒకటిన్నర నెలకు లెక్క వేస్తే మూడున్నర రూపాయల వడ్డీ పైనే పడింది, ప్రొద్దుటూరులో బంగారం కుదువ పెట్టి తెచ్చుకున్నా అంత పడదు. కాబట్టి డీలరును రెండు ధరలూ విడివిడిగా అడగండి: చేతిలో డబ్బు పెడితే ఎంత, గడువు ఇస్తే ఎంత. మొహమాటపడితే పోయేది మనమే.

ఆన్‌లైన్ ధర నాకు ఇప్పుడు పనికొచ్చేది ఇక్కడే. సైజు, ప్యాటర్న్ పేరు, ప్లై రేటింగ్ (టైరు ఎంత గట్టిదో చెప్పే అంకె) అన్నీ సరిగ్గా కలిసే టైరు ధర తీసి డీలరుకు చూపిస్తాను. దానికి ట్యూబు, ఫ్లాపు, ఫిట్టింగు నేనే కలిపి రాసుకొని పోతాను, లేకపోతే ఆయనే ఆ మాట ఎత్తి నా నోరు మూయిస్తాడు. పోయినసారి టైరుకు 900 దిగాడు, ఫిట్టింగ్ ఊరికే చేశాడు. మీరు ఆరు కొంటున్నారు కాబట్టి ఇంకా గట్టిగా అడగొచ్చు. పాత టైర్లకు ఎంత ఇస్తాడో కూడా అదే కూర్చున్న పాటున తేల్చుకోండి. గోడలు దెబ్బతినకుండా ఉంటే అవి రీట్రేడింగుకు (అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేయడానికి) పనికొస్తాయి, తుక్కు లెక్కన ఇచ్చేయొద్దు. ఆన్‌లైన్లో కొంటే ఆ పాత టైర్లు మన ఇంటి వెనక వానకు నానుతూ ఉండాల్సిందే.

బిల్లులో జీఎస్టీ చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి లారీ టైర్ల మీద పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 18,000 ఉండే టైరు అంతకుముందు 23,040 పడేది, ఇప్పుడు 21,240. ఎవరైనా ఆ పాత ధరను పట్టుకొని, దాని మీద 'డిస్కౌంటు' అని వెయ్యి తగ్గిస్తే అది డిస్కౌంటు కాదు. బిల్లు లేకుండా ఇంకో వెయ్యి తగ్గిస్తానంటే అసలే వద్దు. రేపు క్లెయిమ్ రోజున ఆ టైరు ఎక్కడిదని అడిగితే ఏం చూపిస్తారు? ఆరు టైర్ల విలువ 50,000 దాటుతుంది కాబట్టి దూరం నుంచి తెప్పించినా సరుకుతో పాటు ఈ-వే బిల్లు ఉండాలి.

ఇప్పుడు డిస్కౌంటు గోడౌన్. అక్కడ నాకు తెలిసి మూడు రకాల సరుకు దొరుకుతుంది. కొత్త బండి కొన్నవాళ్ళు తమకు నచ్చిన కంపెనీవి వేయించుకొని, బండితో వచ్చినవి విప్పి అమ్మేసే టైర్లు ఒకటి. ఇవి మంచివే, దొరికితే అదృష్టం, నేను ఒక జోడీ కొని హాయిగా నడిపాను. రెండోది పాత స్టాకు. మూడోదాన్ని చూసి భయపడాలి: నున్నగా అరిగిన టైరుకు కత్తితో మళ్ళీ గాట్లు కోసి, నల్ల రంగు కొట్టి పెడతారు. గోరుతో గీరితే రంగు వస్తుంది, గాటు అడుగున రబ్బరు పలుచగా ఉంటుంది, ఒక్కోచోట లోపలి దారం కూడా కనపడుతుంది. ఈ మూడూ పక్కపక్కనే పేర్చి, ఒకే ముఖం పెట్టుకొని అమ్ముతారు. చూసే కన్ను మీకుంటే వెళ్ళండి. ఒకప్పుడు చైనా టైర్లు కూడా ఇట్లాంటి చోట గుట్టలుగా ఉండేవి. 2020 జూన్‌లో కేంద్రం దిగుమతుల మీద ఆంక్షలు పెట్టాక తగ్గిపోయాయి. ఏ టైరైనా ఐఎస్ఐ గుర్తు లేకుంటే ముట్టుకోవద్దు.

ధర ఒకటే చూడకుండా కిలోమీటరు లెక్క వేసుకోండి. ఇది మా నాయన బీడీ కట్ట మీద పెన్సిలుతో వేసేవాడు, నేను ఫోన్లో వేస్తున్నా. 24,000 టైరు 80,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 30 పైసలు. 22,000 టైరు 60,000కే చేతులెత్తేస్తే దాదాపు 37 పైసలు. పది టైర్ల మీద, నెలకు 7,000 కిలోమీటర్లు తిరిగే బండికి ఆ తేడా నాలుగున్నర వేలు దాటుతుంది. కొన్న తేదీ, ఎక్కించిన రోజు మీటరు రీడింగు, టైరు నంబరు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆరు నెలలకు ఏ టైరు మనదో ఏది కాదో అదే చెప్తుంది.

మీ రూట్లో గువ్వలచెరువు ఘాట్ ఉంది కదా. ముందు టైర్లు ఊళ్ళో కొనమన్నది అందుకే. వెనక జోడీలో ఒకటి పోతే ఇంకోటి కాసేపు మోస్తుంది, ముందుది ఘాట్లో పేలితే స్టీరింగు మన మాట వినదు. ముందుకు రిబ్ ప్యాటర్న్ (చుట్టూ నిలువు గాట్లుండేది), హౌసింగుకు లగ్ (అడ్డంగా లోతు గాట్లుండేది) వేయించండి. క్వారీలోకి పోని బండికి మైనింగ్ టైరు అంటగడతారు, వద్దనండి, హైవే మీద వేడెక్కుతుంది. గోడ మీద 146/143 లాంటి అంకె చూడండి. 146 అంటే ఒంటిగా ఉన్నప్పుడు 3,000 కిలోలు, 143 అంటే జోడీలో ఒక్కొక్కటి 2,725 కిలోలు మోస్తుందని. ఆన్‌లైన్లో ధర బాగా తక్కువ కనిపిస్తే ఒకసారి ఈ అంకె చూడండి, మీ పాత టైరు మీద ఉన్నదానికన్నా తక్కువదేమో. జోడీలో పాతదానికి కొత్తది జత చేయొద్దు, ఎత్తుగా ఉన్నదాని మీదే బరువంతా పడి రెండూ చెడతాయి. ఒకే ఇరుసుకు రేడియల్ (లోపల ఉక్కు తీగలుండే టైరు), నైలాన్ (లోపల నైలాన్ దారాలుండే టైరు) కలపడమూ అంతే.

ఇంత చెప్పాక కూడా ఆన్‌లైన్ వైపే మనసు లాగితే, హౌసింగ్ నాలుగూ ఒకేసారి, కంపెనీ సొంత సైటులోనో, మీ దగ్గర్లోని డీలర్ షాపులోనే ఫిట్టింగ్ చేయించే సైటులోనో తీసుకోండి. అక్కడైతే క్లెయిమ్ రోజున ఒక గడప ఉంటుంది. బిల్లులో సీరియల్ నంబర్లు, లారీ నంబరు రాయించండి. దింపుకునేటప్పుడే నాలుగు అంకెలూ చూసి, ఫొటో తీసి, నచ్చకపోతే సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి. చిన్న బండి టైర్లకైతే నాకు ఏ అభ్యంతరమూ లేదు. మా తమ్ముడు ఏస్ బండికి రెండుసార్లు ఆన్‌లైన్లోనే తెప్పించాడు, ఇంటికే వచ్చాయి, బాగున్నాయి, నాలుగు డబ్బులు మిగిలాయి కూడా.

ఇంకో మాట. ఆరు మారుస్తున్నారు కాబట్టి పాతవాటిలో మంచిది ఒకటి స్టెప్నీకి ఉంచుకొని, దానికీ గాలి చూపించండి. గువ్వలచెరువులో కోవా అంగళ్ళ ముందు బండి ఎట్లాగూ ఆపుతారు, కోవా పొట్లం కట్టే లోపల డ్రైవర్‌ను ఒకసారి కడ్డీతో టైర్లన్నీ తట్టి రమ్మనండి.