అమ్మ పోతేనే నాకు జీవితమా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మకి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు, అప్పట్నుంచీ మీరొక్కరే చూసుకుంటున్నారు, పుండ్లు పడకుండా రాత్రిళ్ళు రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని లేచి పక్కకి తిప్పుతున్నారు, ఆ మధ్యలో నిద్ర పట్టక ఒక ప్రేమ నవల చదివారు. అందులో అమ్మాయి కూడా మంచాన పడ్డ నాన్నని చూసుకుంటుంది, ఫిజియోథెరపీ చేయడానికి వచ్చినతను ఆమెని ఇష్టపడతాడు, చివరికి నాన్న పోయాకే ఆమె తనకోసం బతకడం మొదలుపెడుతుంది. మీరు వెక్కి వెక్కి ఏడ్చారు. ఏడుస్తుండగానే "అంటే అమ్మ పోతేనే నాకు జీవితమా" అనిపించింది, ఆ రాత్రి నుంచీ అమ్మ మొహం చూడలేకపోతున్నానన్నారు, మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని రెండేళ్ళుగా ఆగి ఉన్నతని ఫోన్ కూడా ఎత్తట్లేదన్నారు.

ముందు ఆ ఆలోచన సంగతి. ఏళ్ళ తరబడి మనిషిని చూసుకునేవాళ్ళలో చాలామందికి వస్తుందండీ, బయటికి చెప్పరు అంతే. అలిసిపోయిన ఒళ్ళు ఇదెప్పటికి అయిపోతుందా అని అడుగుతోంది, దాన్ని మీరు అమ్మ చావు కోరుకోవడం అనుకుంటున్నారు. అలా కోరుకునే మనిషి అర్ధరాత్రి లేచి వీపు మీద ఎక్కడైనా ఎర్రబడిందా అని టార్చి వేసి చూస్తుందా?

"ఒకప్పుడు ప్రతీదీ అమ్మకే చెప్పేదాన్ని, ఇప్పుడు నా పేరు కూడా పలకలేదు" అని రాశారు చూడండి, నేను చాలాసేపు అక్కడే ఆగిపోయాను. మనిషి కళ్ళెదుటే ఉంది, మీకు తెలిసిన అమ్మ లేదు. పాలిన్ బాస్ అని అమెరికాలో ఒక ఫ్యామిలీ థెరపిస్ట్ 1970ల నుంచీ ఈ రకం దుఃఖం మీదే పనిచేశారు, మనిషి పోయిందనీ అనలేం, ఉందనీ అనలేం, అందుకే ఆ దుఃఖం తీరదు. నాలుగేళ్ళ ఏడుపు లోపలే ఉండిపోయింది, నవల దొరికింది, బయటికొచ్చింది.

కానీ ఆ నవల ముగింపు మీద మాత్రం నాకు కోపం ఉంది. కథ నడవాలని తండ్రిని పక్కకి తప్పించేశారు, అమ్మాయికి దారి దొరికింది. మీరు అమ్మ ఉండగానే దారి వెతుక్కోవాలి, కష్టమే, కుదరనిది మాత్రం కాదు.

అన్నయ్యతో "కొంచెం హెల్ప్ చెయ్యి" అని అనకండి, ఆ మాటతో ఎవరూ కదలరు. "శనివారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అమ్మ నీది" అనండి, ఎలా తిప్పాలో పక్కనుండి నేర్పించండి, ఆ రాత్రి వేరే గదిలో తలుపేసుకుని పడుకోండి. అతను సరిగ్గా చెయ్యడేమో అని మధ్యలో లేవకండి. ఎయిర్ బెడ్ వేస్తే ఆ రెండు గంటల గ్యాప్ పెంచొచ్చా అని డాక్టర్ని అడగండి, కొందరికి కుదురుతుంది. అడిగేటప్పుడు మీ గురించి కూడా చెప్పండి, చూసుకునేవాళ్ళ మీద ఎంత బరువుందో కొలవడానికి జారిట్ అనే 22 ప్రశ్నల పరీక్ష ఉంది. చచ్చిపోవాలని మీకే అనిపిస్తుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళండి.

ఇక అతను. మీరు రాసినదాన్ని బట్టి అతనికి అమ్మ పరిస్థితి తెలుసు గానీ మీ రాత్రులు తెలియవు. పెళ్ళి గురించి ఇప్పుడే ఏమీ తేల్చక్కర్లేదు, ఫోన్ చేసి ఆ అలారం గురించి చెప్పండి, ఒక సాయంత్రం వచ్చి మీరు అమ్మని తిప్పేటప్పుడు అవతలి పక్క పట్టుకోమనండి.