'తీస్కున్నది' అనే జబ్బు

హనుమకొండ

బిడ్డా,

కథ అందింది. ఖరీదుదారు తేమ పేరు చెప్పి ధర కోస్తుంటే ముసలాయన పత్తిని గుప్పిట్లో నలుపుతూ నిలబడ్డ చోటు బాగుంది. పొగడ్త ఇంతే, ఇక మూడో పేజీకి వస్తాను.

'పరకాల నుంచి బస్సు గంట తీస్కున్నది' అని రాశావు. అదే పేజీలో ఆ పిల్ల పరీక్ష తీస్కున్నది, ఎనుమాముల మార్కెట్ గేటు ముందు ఫొటో తీస్కున్నది, తండ్రి అప్పు తీస్కున్నడు, చివరికి ఆ పిల్ల పగ కూడా తీస్కున్నది. అందరూ ఇన్ని తీసుకుపోతే మార్కెట్‌లో ఏం మిగులుతుంది?

ఇది ఇంగ్లిష్ 'టేక్' పని. వాళ్ళ భాషలో బస్సుకూ, మందుబిళ్ళకూ, పరీక్షకూ, టైముకూ, పగకూ అదే క్రియ సరిపోతుంది. నిజానికి అది ఇంగ్లిష్‌లో పుట్టిందీ కాదు, స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్ళతో వచ్చింది. అప్పటిదాకా ఇంగ్లిష్‌లో ఆ పని చేసిన మాట 'నిమన్'. అద్దెకొచ్చినవాడు ఇంటాయన్ని వెళ్ళగొట్టినట్టు దాన్ని వెళ్ళగొట్టింది. ఇప్పుడు నీ కథలో మన క్రియల మీద పడింది.

మనం బస్సు ఎక్కుతాం, పరీక్ష రాస్తాం, గోలి వేసుకుంటాం, పగ తీర్చుకుంటాం. ఫొటో ఎవరో తీస్తే మనం దిగుతాం. 'ఫొటో దిగింది' అంటే ఎదురుగా ఫోన్ పట్టుకుని ఇంకో మనిషి ఉన్నట్టు. 'తీస్కున్నది' అంటే నేను సెల్ఫీ అనుకున్నాను. తీసింది అడ్తిదారు కొడుకని రెండు పేజీల తర్వాత గానీ తెలియలేదు!

ఇక ఆ గంట. గంట పడుతుంది. నిద్ర పట్టడం, చెమట పట్టడం, ముసురు పట్టడం, పత్తికి పురుగు పట్టడం, బస్తాలో ఇంత పట్టడం... 'టేక్'కు దీటైన క్రియ మన దగ్గరా ఉంది. కథ మొత్తంలో నువ్వు దాన్ని ఒక్కసారి కూడా పిలవలేదు. (తీసుకోవడమే తప్పని కాదు. 'ఊపిరి తీసుకోనివ్వడు' మన మాటే.)

ఇంగ్లిష్ మాటలు నాకేం అడ్డం కాదు. గేటు, టికెట్, టెన్షన్ అన్నీ ఉండనీ. తెలుగు మాటలు వేసుకున్న ఇంగ్లిష్ వాక్యంతోనే నా గొడవ. ఏటా సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజున, తెలంగాణ భాషా దినోత్సవ సభల్లో యాస గురించి గొంతులు పోయేదాకా మాట్లాడతారు. ఆ వెంటనే చివర్లో 'ండు', 'తది' తగిలించిన కథలు కుప్పలుగా వస్తాయి. లోపల ఎముకలన్నీ ఇంగ్లిష్‌వే.

ఈ జబ్బు ఎక్కడ పుట్టిందో దగ్గరుండి చూశాను. వయసులో ఉన్నప్పుడు ఒక పత్రిక డెస్కులో రాత్రి డ్యూటీ చేసేవాణ్ణి. ఏజెన్సీ వార్తలు ఇంగ్లిష్‌లో వచ్చేవి, తెల్లారేలోపు తెలుగులోకి దించాలి. ఏ మంత్రి ఏమన్నా 'చర్యలు తీసుకుంటాం' అనే దిగేది. 'రైతులు రోడ్డెక్కారు' అని రాస్తే ఇన్‌చార్జి కొట్టేసి 'ఆందోళన చేపట్టారు' అని పెట్టాడు. ఆదివారం అనుబంధమూ ఆయన చేతిలోనే ఉండేది. నా కథలో 'అప్పు తెచ్చిండు' అని ఉంటే 'రుణం తీసుకున్నాడు' అని దిద్ది, ఇప్పుడు తెలుగైంది అన్నాడు! 'తెచ్చిండు' మా అమ్మ మాట. మా ఊళ్ళో అప్పు తెచ్చేవాళ్ళే తప్ప తీసుకునేవాళ్ళు లేరు. తెచ్చింది ఇంట్లో కూర్చుంటుంది, వడ్డీ తింటుంది. ఆయన పోయి చాలా కాలమైంది, నాకింకా కడుపు మంటే.

పుస్తకం సొంతంగా వేసుకోవాలా, ఏ పోటీలకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. కలం పేరు వద్దు.

మూడో పేజీ మళ్ళీ రాసి పంపు. రాసినంక ఇంట్లో అమ్మకు చదివి వినిపించు, ఆమె ఎక్కడ 'ఏంది?' అంటే అక్కడ ఆగు. కాంటా దగ్గరి సీను మాత్రం ముట్టుకోకు. అన్నట్టు, ఆ రోజు జెండా పాట, అదే మార్కెట్ వేలంలో పత్తి ధర, ఎంత పలికిందో కథలో ఎక్కడా లేదు. మార్కెట్ నుంచి వచ్చిన మనిషిని వాకిట్లోనే అడిగేది అదే కదా.

నీ పెదనాయన లాంటివాడు