ఉరుము ముందా, మెరుపు ముందా?

సందేహం: మా అమ్మాయి ఆరో తరగతి. మొన్న తెలుగు వ్యాసంలో ‘ఉరుములు, మెరుపులతో వాన కురిసింది’ అని రాసి, మళ్ళీ తనే కొట్టేసి ‘మెరుపులు, ఉరుములతో’ అని దిద్దింది. మెరుపు తర్వాతే ఉరుము వస్తుందని సైన్సు క్లాసులో చెప్పారట. అలాగైతే ఇన్నాళ్ళూ మనం తప్పు చెబుతున్నామా? ‘ఉరుము లేని పిడుగు’ అనడం కూడా సైన్సుకు విరుద్ధమేనా? ‘మెరుపు పడింది’ అనొచ్చా? – ఒక పాఠకురాలు, నంద్యాల

సమాధానం: అమ్మా, ముందుగా మీ అమ్మాయిని మెచ్చుకోవాలి. రాసిన మాటను ఆకాశంతో సరిచూసుకునే పిల్లలు ఎంతమంది ఉంటారు? అయితే ఆ కొట్టివేత మాత్రం అక్కర్లేదు.

నిజానికి మెరుపూ ఉరుమూ ఒకేసారి పుడతాయి. మెరుపు సాగిన దారిలో గాలి రెప్పపాటు కన్నా చాలా తక్కువ సమయంలో దాదాపు 30,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం మీది వేడికి ఇది సుమారు ఐదు రెట్లు. అంత వేడికి గాలి ఒక్కసారిగా ఉబ్బి చుట్టూ ఉన్న గాలిని కొడుతుంది. ఆ దెబ్బ చప్పుడే ఉరుము. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతే, చప్పుడు 340 మీటర్ల దగ్గరే ఉంటుంది. అందుకే కంటికి ముందు, చెవికి తర్వాత. మెరుపు చూసిన దగ్గర్నుంచి సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. మెరుపు దారి కిలోమీటర్ల పొడవున వంకరలు తిరిగి ఉంటుంది కాబట్టి ఒక్కో చోటి చప్పుడు ఒక్కో క్షణాన మన చెవిని చేరుతుంది. దూరపు ఉరుము గుడగుడమని సాగడానికి కారణం అదే. దగ్గర్లో పడితే ఒక్కటే ఫెళ్ళుమనే చప్పుడు. ఈ రెండు చప్పుళ్ళకీ రెండు వేర్వేరు ధ్వన్యనుకరణలు పెట్టుకున్న మన పెద్దల చెవిని తక్కువ అంచనా వేయకూడదు.

ఇక భాష సంగతి. జంటపదం కాలక్రమాన్ని చెప్పడానికి పుట్టింది కాదు. ‘చావుపుట్టుకలు’ అంటాం. పుట్టకుండా ఎవరైనా చస్తారా? అయినా ఆ మాటను ఎవరూ దిద్దలేదు. మరి ఉరుము ఎందుకు ముందుకొచ్చింది? నేను చాలాకాలంగా గమనిస్తున్న విషయం ఒకటి చెబుతాను. తెలుగు జంటపదాల్లో ఒక మాట అచ్చుతో, మరో మాట హల్లుతో మొదలైతే, అచ్చు మాటే ముందు నిలబడుతుంది. అమ్మా నాన్నా, అత్తా మామా, ఆలూ మగలూ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, ఇల్లూ వాకిలీ, ఊరూ పేరూ, ఉప్పూ కారమూ, ఎండా వానా, ఆటా పాటా, ఇరుగూ పొరుగూ, ఎత్తూ పల్లమూ. ఎక్కడ తట్టి చూసినా ఇదే వరస. ఉరుములు మెరుపులు ఆ వరసలోనే కూర్చున్నాయి. ‘సిగ్గూ ఎగ్గూ’, ‘హద్దూ అదుపూ’ లాంటివి ఎదురు తిరుగుతాయి, కాదనను. కొందరు ‘ఎగ్గూ సిగ్గూ’ అని తిప్పి చెప్పడం కూడా విన్నాను.

ఇదొక్కటే కారణమని మాత్రం గట్టిగా అనలేను. తమిళులు ‘ఇడి మిన్నల్’ అంటారు, కన్నడిగులు ‘గుడుగు మించు’ అంటారు, ఇంగ్లిషువాళ్ళూ ఉరుమునే ముందు చెబుతారు. కన్నడంలోనూ ఇంగ్లిషులోనూ ఆ మాటల మొదట అచ్చు లేదు. ఇంట్లో తలుపులు వేసుకున్నా, కళ్ళు మూసుకున్నా మనల్ని వచ్చి పట్టుకునేది ఉరుమే కదా. భయపెట్టినదాన్ని ముందు తలచుకోవడం మనిషి స్వభావమేమో.

ఉరుము లేకుండా మెరుపును ఒంటరిగా నిలబెట్టిన కవి పోతన. భాగవతం మొదట్లో, చంద్రగ్రహణం నాడు గంగలో మునిగి, ఇసుకతిన్నె మీద కూర్చుని, సగం మూసిన కళ్ళతో ధ్యానంలో ఉండగా రాముడు కనిపించాడని చెబుతూ ఆయన ఎత్తుకున్న సీసం ఇది:

‘మెఱుఁగు చెంగట నున్న మేఘంబు కైవడి
నువిద చెంగట నుండ నొప్పువాఁడు’

పక్కన సీత, నల్లని రాముడు. మెరుపు పక్కన మబ్బు. పోలిక అందరికీ తెలిసిందే. నన్ను ప్రతిసారీ ఆపేది ‘ఉన్న’ అనే చిన్న మాట. సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు మెరుపుకు ఇచ్చిన పేర్లు చూడండి: క్షణప్రభ, చంచల, చపల. క్షణం వెలిగేది, నిలకడ లేనిది అనే కదా అర్థం. అలాంటి మెరుపును పోతన మబ్బు పక్కన ‘ఉంచాడు’. అది పారిపోలేదు, ఉరమలేదు, ఎవరినీ బెదరగొట్టలేదు. లోకంలో సాధ్యం కానిది రాముడి పక్కన సాధ్యమైంది. ఆ పద్యంలో ‘మెఱుఁగు’ బదులు ‘విద్యుత్తు’ అని పెట్టి చదవండి, వెలుగంతా పోతుంది.

ఈ మెఱుఁగూ మన మెఱుపూ రెండూ ‘మెఱయు’ నుంచి వచ్చినవే. బండి ఱ పోయి ఇప్పుడు మెరుగు, మెరుపు అని రాస్తున్నాం, పర్వాలేదు. మెఱుఁగు అంటే మొదట మెరుపు, కాంతి. తర్వాత బంగారానికి పెట్టే నిగనిగ. దాన్నుంచి ‘మెరుగులు దిద్దడం’, ‘మెరుగుపడటం’. ఇప్పుడేమో ‘మెరుగైన వైద్యం కోసం తరలించారు’ అన్న ఒక్క వాక్యంలోనే దాన్ని రోజూ అరగదీస్తున్నారు. ‘ఇంకా మంచి వైద్యం’ అంటే ఏం తక్కువైంది? ఆ మాటలో ఒకప్పుడు ఆకాశం ఉండేదని వార్తలు రాసే పిల్లలకు ఎవరైనా చెప్పాలి.

‘ఉరుము లేని పిడుగు’ గురించి. ప్రతి పిడుగుకూ దాని ఉరుము ఉంటుంది. ఆ మాట నిజం. కానీ ఈ నుడికారంలోని ఉరుము ఆ పిడుగుది కాదు, దానికి ముందు దూరం నుంచి హెచ్చరించే ఉరుము. ఒక మబ్బులో పుట్టిన మొట్టమొదటి మెరుపే పిడుగై పడితే, దానికి ముందు ఏ ఉరుమూ ఉండదు. పైగా మబ్బు నుంచి పక్కకు పది పదిహేను కిలోమీటర్లు సాగి, ఎండ కాస్తున్న చోట పడే పిడుగులు కూడా ఉన్నాయి. కాబట్టి ఈ నుడికారం చెక్కుచెదరలేదు. ఒక్కటి మాత్రం మీ అమ్మాయికి తప్పక చెప్పండి: ఉరుము సాధారణంగా 20 కిలోమీటర్లు దాటి వినిపించదు. అంటే చెవిన పడిందంటే పిడుగుకు అందే దూరంలో ఉన్నట్టే. ‘మనకు దూరంలే’ అనుకుంటూ పొలంలో చెట్టు కింద నిలబడి ఎంతమంది పోతున్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

‘మెరుపు పడింది’ అనకండి. మెరుపు మెరుస్తుంది, ఉరుము ఉరుముతుంది, పిడుగు పడుతుంది. ఇంగ్లిషులో మెరుపుకూ పిడుగుకూ సాధారణంగా ఒకే మాట వాడతారు. అక్కడి నుంచి తర్జుమా చేసేవాళ్ళు పిడుగును మరచిపోయి మెరుపును నేల మీద పడేస్తున్నారు. ‘పిడుగుపాటు’ లాంటి చక్కని మాట చేతిలో ఉండగా ఈ తిప్పలు ఎందుకు?

ఇక ‘ఉరుము పడింది’ అనేవాళ్ళను నేను అంత గట్టిగా తప్పుపట్టను. ‘ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు’ అని సామెతే ఉంది. సంస్కృతంలో ‘హ్రాదిని’ని అమరకోశం మెరుపు పేర్లలోనూ చేర్చింది, వజ్రాయుధం పేర్లలోనూ చేర్చింది. ఆ మాటకు మూలం చప్పుడు. చప్పుడూ వెలుగూ పిడుగుపాటూ ఒకటేనన్న ఊహ పాతదే. అన్నట్టు ఆ సామెతలోది ‘మంగళం’ కాదు, ‘మంగలం’: గింజలు వేయించుకునే మట్టి పెంకు. ఎక్కడో ఉరిమి, ఏ పాపమూ ఎరగని వంటింటి పెంకు మీద పడిందని బాధ. దాన్ని ‘మంగళం’ అని అచ్చువేసిన వ్యాసాలు ఈ ఏడాదే మూడు చూశాను. మీ అమ్మాయి వ్యాసంలో ఆ సామెత వస్తే చిన్న ‘ల’ వేయమనండి. కొట్టేసిన వాక్యాన్ని మళ్ళీ రాయమని కూడా చెప్పండి.