అమ్మానాన్నలతో మెరీనా బే ఒడ్డున ఒక్క రాత్రి

అమ్మానాన్నలను మొదటిసారి సింగపూర్ తీసుకువెళ్తున్నామని, మూడు రాత్రులూ మెరీనా బే ఒడ్డున ఖరీదైన హోటల్‌లో ఉంచాలా, లేక అది డబ్బు దండగా అని అడిగారు. నా అనుభవంతో చెబుతున్నాను, ఒక్క రాత్రి ఉంచండి. మిగతా రెండు రాత్రులకు లిటిల్ ఇండియాలో శుభ్రమైన మామూలు హోటల్ చాలు. కానీ ఆ ఒక్క రాత్రికి నీళ్ల వైపు గదే తీసుకోండి. ఆ సాయంత్రం వాళ్లను ఎక్కడికీ తిప్పకండి.

మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. నాన్న మైపాడు దగ్గర రొయ్యల గుంటలు చూసుకుంటూ ముప్ఫై ఏళ్లు గడిపారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, షుగరు. చెన్నైలో రాత్రి విమానం ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి తెల్లవారేసరికి దిగాం. గది మాత్రం మధ్యాహ్నం 3 గంటలకు గానీ ఇవ్వమన్నారు. ఇది నేను ముందే చూసుకోవలసింది. అమ్మ వాచిన కాళ్లతో లాబీలో అన్ని గంటలు కూర్చుని ఉంటే నాకు ఏడుపు వచ్చింది. అందుకే పెద్ద హోటల్‌ను దిగిన రోజున పెట్టుకోకండి, చివరి రాత్రికి పెట్టుకోండి. అప్పటికి వాళ్ల అలసట తీరి ఉంటుంది, గది ఇచ్చే వేళకు నింపాదిగా వెళ్లవచ్చు.

డబ్బు సంగతి. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే, దాని మీద 10 శాతం సర్వీసు చార్జి, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ పడతాయని అర్థం. 500 డాలర్ల గది దాదాపు 600 అవుతుంది. డిపాజిట్ కింద కార్డులో కొంత సొమ్ము ఆపి ఉంచుతారు, దానికి డెబిట్ కార్డు ఇవ్వకండి. నేనిచ్చాను, ఆ సొమ్ము తిరిగి నా ఖాతాలో పడటానికి చాలా రోజులు పట్టింది.

మేము దిగినది ఆ ఒడ్డున ఉన్న కొత్త హోటళ్లలో ఒకటి, పేరు ఎందుకులెండి. గదికీ స్నానాల గదికీ మధ్య గోడ అద్దంతో కట్టి ఉంది. అమ్మ గడపలోనే ఆగిపోయింది. మీట నొక్కితే తెర దిగుతుందని తెలిసేదాకా నాన్నను బయట వరండాలో నిలబెట్టింది. బకెట్టు, చెంబు ఉండవు, ఒక ప్లాస్టిక్ చెంబు పెట్టెలో వేసుకోండి. కుళాయి నీళ్లే తాగవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లుంటే ఒక జాగ్రత్త. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో చోటు కోసం అమ్మ, హోటల్‌వాళ్లు అమ్మకానికి పెట్టిన రెండు సీసాలు పక్కకు తీసింది, తీసినందుకే బిల్లులో పడ్డాయి. చెప్పగానే తీసేశారు గానీ, అమ్మ ఆ పూటంతా తప్పు చేసినదానిలా కూర్చుంది. మందుల కోసం ఫ్రిజ్ ఖాళీ చేసిపెట్టమని ముందే అడగండి.

శనివారం అమ్మ ఒంటిపూట ఉంటుంది. హోటల్లో అంత ఫలహారం పరిచి ఉన్నా ఆమె తినగలిగినవి పండ్లే. బేఫ్రంట్ స్టేషన్‌లో నీలం లైను రైలు ఎక్కితే నాలుగో స్టేషన్ లిటిల్ ఇండియా, మార్చుకోనక్కర్లేదు. అక్కడ ఇడ్లీ, సాంబారు దొరికాక ఆమె ముఖం తేటపడింది.

ఇక ఆ కిటికీ. నా జవాబుకు అసలు కారణం అదే. నాన్న కుర్చీ లాక్కుని కూర్చుని, చీకటి పడేదాకా కదలలేదు. 8 గంటలకు నీళ్ల మీద దీపాల ప్రదర్శన జరిగితే గదిలోంచే చూశారు. తెల్లవారి నేను లేచేసరికి మళ్లీ అక్కడే ఉన్నారు.

"ఇది సముద్రం కాదమ్మా, చెరువు," అన్నారు. "నిన్నటి నుంచి చూస్తున్నాను. పోటూ లేదు, పాటూ లేదు. రాతి గోడ మీద తడి గీత కూడా లేదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అది ఒకప్పుడు సముద్రమే, ఆ హోటళ్లు నిలబడిన నేల కూడా సముద్రాన్ని పూడ్చి తెచ్చుకున్నదే. 2008లో 350 మీటర్ల వెడల్పున్న ముఖద్వారానికి అడ్డంగా మెరీనా బరాజ్ కట్టారు. ఆ తర్వాత వాన నీళ్లే కొద్దికొద్దిగా ఉప్పును కడిగేశాయి, 2010 నాటికి అది మంచినీటి జలాశయమైంది. వానాకాలంలో గుంటలో ఉప్పు శాతం పడిపోతుందేమోనని ఏటా బెంగపడిన మనిషి మా నాన్న. ఒక దేశం కావాలని ఆ పనే చేయించిందని విని, మధ్యాహ్నం అక్కడికి తీసుకువెళ్లమన్నారు. తొమ్మిది గేట్లు, ఏడు పెద్ద పంపులు. బయట సముద్రం పాటు మీద ఉంటే గేట్లను కిందికి వాల్చి వరద నీళ్లు వదులుతారు, పోటు మీద ఉంటే గేట్లు మూసి పంపులతో తోడిపోస్తారు. మన బకింగ్‌హామ్ కాలువ లాకుల దగ్గర పెరిగిన ఆయనకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది. పంపులున్న భవనం పైకప్పు మీద గడ్డి పెంచారు, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. అమ్మ ఆ గడ్డిలో కూర్చుంది, ఆయన గేట్ల దగ్గర ఉండిపోయారు.

పైనుంచి ఊరంతా చూడటమే మీ కోరికైతే గది తీసుకోనక్కర్లేదు. 2010లో తెరిచిన మెరీనా బే శాండ్స్ హోటల్ పైడెక్ మీదికి టికెట్ కొని ఎవరైనా వెళ్లవచ్చు. 57వ అంతస్తులోని 150 మీటర్ల ఈత కొలను మాత్రం అక్కడ బస చేసేవారికే.

గది బుక్ చేసేటప్పుడు "బే వ్యూ", అంటే నీళ్ల వైపు గది అన్న మాట మీ కాగితంలో రాసి ఉందో లేదో చూడండి. మాకు మొదట ఇచ్చింది తోటల వైపు గది, అడిగి మార్పించుకున్నాను. ఎత్తంటే వాళ్లకు భయమేమో కూడా కనుక్కోండి. మా అమ్మ మొదటి గంటంతా కిటికీ వైపు రానేలేదు, నాన్న చెయ్యి పట్టుకుని తీసుకువస్తే వచ్చింది.