గడ్డకట్టే చలిలో ఎలక్ట్రిక్ కారు: ఛార్జింగ్ కంటే ముందు వేడి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి అమెరికాలోని మిషిగన్, మినెసోటా వంటి చలి రాష్ట్రాలకు కొత్తగా వచ్చి ఎలక్ట్రిక్ కారు కొన్నవారు మొదటి చలికాలంలోనే "ఛార్జింగ్ ఎక్కడం లేదు, బండి పాడైందా?" అని కంగారు పడుతుంటారు. చాలా సందర్భాల్లో బండికి ఏమీ కాలేదు. మన జిల్లాల్లో మే నెల ఎండకు బ్యాటరీ ఏమవుతుందోనని భయపడతామే గాని, సున్నాకు దిగువన 15 డిగ్రీల చలి దాన్ని ఏం చేస్తుందో ఆలోచించే అవసరం మనకు ఎన్నడూ రాలేదు.

లిథియం అయాన్ బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు అయాన్లు (విద్యుదావేశమున్న లిథియం కణాలు) బ్యాటరీలోని గ్రాఫైట్ అనే కార్బన్ పొరల మధ్యకు చేరాలి. చలి ముదిరినకొద్దీ ఆ పని నెమ్మదిస్తుంది; అప్పుడు కరెంటు ఎక్కువగా పంపితే, లోపలికి పోలేని లిథియం గ్రాఫైట్ పైనే లోహపు పూతగా పేరుకుని బ్యాటరీ సామర్థ్యాన్ని శాశ్వతంగా తగ్గిస్తుంది. ఆ నష్టం జరగకుండా కారు తనంతట తానే కరెంటును తగ్గించి, ముందుగా బ్యాటరీని వేడి చేసుకుంటుంది.

ఇంట్లోని మామూలు 120 వోల్టుల ప్లగ్గు నుంచి వచ్చేది దాదాపు 1.4 కిలోవాట్లే కాబట్టి, తీవ్రమైన చలిలో అందులో పెద్ద భాగం ఆ వేడికే ఖర్చయి, తెల్లవారేసరికి ఛార్జింగ్ పెద్దగా పెరగకపోవచ్చు. అందుచేత అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకునే ముందే 240 వోల్టుల ఛార్జింగ్ ఉందో లేదో అడగండి. లేకపోతే మొదటి ఏడాది ఎలక్ట్రిక్ కారు కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇంటికి రాగానే, బ్యాటరీ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే ప్లగ్గు పెట్టండి. ఫాస్ట్ ఛార్జర్‌కు వెళ్లేటప్పుడు దాన్నే కారు నావిగేషన్‌లో గమ్యంగా పెడితే, చాలా కార్లు దారిలోనే బ్యాటరీని సిద్ధం చేస్తాయి. 2024 జనవరిలో షికాగోలో ఛార్జర్ల దగ్గర కార్లు గంటల తరబడి నిలిచిపోవడానికి, ఈ సన్నాహం లేకుండా చల్లబడిన బ్యాటరీలతో రావడం కూడా ఒక కారణం.

రేంజి, అంటే ఒకసారి ఛార్జ్ చేస్తే బండి వెళ్లే దూరం విషయంలో అసలు ఖర్చు హీటరుదే. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో పరీక్షించినప్పుడు, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ (సున్నాకు దిగువన దాదాపు 7 డిగ్రీల సెల్సియస్) దగ్గర హీటరు లేకుండా సగటున 12 శాతం, హీటరు వేస్తే 41 శాతం రేంజి తగ్గింది. పెట్రోలు కారు ఇంజను వృథాగా వదిలే వేడినే లోపలికి మళ్లిస్తుంది. ఎలక్ట్రిక్ కారులో ఆ వేడి కూడా బ్యాటరీ నుంచే రావాలి. కనుక బయలుదేరే ముందు, ప్లగ్గు తీయకుండానే కారును వెచ్చబరచండి. ఒంటరిగా వెళ్లేటప్పుడు సీటు హీటరుతో సరిపెట్టుకోవచ్చు. అయితే ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలో, పసిపిల్లలో కారులో ఉన్నప్పుడు మాత్రం హీటరు దగ్గర పొదుపు చేయకండి, దారిలో ఇంకొకచోట ఆగి ఛార్జ్ చేసుకోండి.

కొనేటప్పుడు హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే పరికరం) ఉన్న మోడల్ ఎంచుకుంటే మేలే గాని, చలి మరీ ముదిరితే దాని లాభమూ తగ్గుతుంది. చల్లబడిన బ్యాటరీ, బండి నెమ్మదించేటప్పుడు మోటారు తయారుచేసే విద్యుత్తును కూడా పూర్తిగా తీసుకోలేకపోతుంది కాబట్టి, ఉదయాన్నే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా బండి రోజూలా నెమ్మదించకపోవచ్చు. మంచు రోడ్డు మీద ముందు బండికి దూరం ఎక్కువ ఉంచి, బ్రేకు మెల్లగా తొక్కండి.