తాతగారి మొహం తర్వాత, ముందు భుజం చూడండి

"మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారని ఇంట్లో అంటారు. కాగితాలేవీ మిగల్లేదు, నాలుగైదు పాత ఫొటోలు మాత్రం ఉన్నాయి. వాటినిబట్టి ఆయన ఎక్కడెక్కడ పనిచేశారో తెలుస్తుందా?" అని ఒకరు అడిగారు.

తెలుస్తుంది. ఇంట్లో చెప్పుకునే కథకంటే ఫొటోయే ఎక్కువ నిజం చెబుతుంది. మా తాతయ్య విషయంలో అదే జరిగింది.

మాది తాడేపల్లిగూడెం వైపు. ఊళ్ళో చాలామంది సైన్యంలో చేరే మిలటరీ మాధవరం మాకు దగ్గరే. "తాతయ్య రంగం వెళ్ళి జపాను వాళ్ళతో పోరాడాడు" అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. రంగం అంటే బర్మాలోని రంగూన్. మా వైపు యుద్ధం అంటే బర్మాయే. కూలికీ వ్యాపారానికీ రంగం వెళ్ళిన కుటుంబాలు ఊరూరా ఉండేవి. 1942లో జపాను సైన్యం వచ్చిపడితే వాళ్ళలో చాలామంది అడవుల్లో నడుచుకుంటూ తిరిగొచ్చారు. అందుకని మిలటరీకి వెళ్ళిన ప్రతివాడికీ ఆ కథే అంటగట్టేశారు.

మా అత్తయ్య, అంటే నాన్నగారి అక్క, తన ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక కవరు తీసి ఇచ్చింది. అందులో ఒక ఫొటోలో తాతయ్య, ఇంకో ముగ్గురు సిపాయిలు ఎండలో నిలబడి ఉన్నారు. వెనక ఏదో పెద్ద రాతి తల. "ఎక్కడో కొండకి దేవుణ్ణి చెక్కారు, ఆ దేవుడి గడ్డం కింద గోడెందుకు కట్టారో!" అంది అత్తయ్య. ఆ దేవుడు ఈజిప్టులో పిరమిడ్ల దగ్గర ఉండే స్ఫింక్స్. గడ్డం కింద ఉన్నది గోడ కాదు, ఇసుక బస్తాలు. బాంబుల అదురుకి తల విరిగిపడకుండా యుద్ధకాలంలో అలా ఆనించి పేర్చారు. ఆ బస్తాలు కనబడితే చాలు, అది యుద్ధం రోజుల్లో కైరో వైపు తీసిన ఫొటో. నాకు ఒళ్ళు జలదరించింది. అత్తయ్యకి చెబితే ఆ ఫొటో వెనక్కి తీసుకుని చాలాసేపు చూసింది. "మరి మా అమ్మకి ఎందుకు చెప్పలేదురా?" అంది.

అయితే ఈజిప్టు వెళ్ళిన దళాల్లో కొన్ని తరవాత బర్మాకి మళ్ళాయి. కాబట్టి ఆ ఒక్క ఫొటో చాలదు. రెండో ఫొటోలో తాతయ్య మందపాటి ఉన్ని చొక్కా వేసుకున్నాడు. బర్మా అడవుల్లో ఎవరూ అలాంటిది వెయ్యరు. భుజం మీద నల్లటి చదరపు గుడ్డముక్క ఉంది, దాని మీద ఏమీ లేనట్టే ఉంది. ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి వెలుతురు పెంచి చూస్తే రెక్కలు బయటపడ్డాయి. అప్పటి ఫిల్ముల్లో చాలావాటికి ఎరుపు పట్టేది కాదు, నల్లగా పడేది. నల్లగుడ్డ మీద ఎర్ర గద్ద అంటే నాలుగో ఇండియన్ డివిజన్ అనే సైనిక దళం గుర్తు. 1941లో ఎరిట్రియాలోని కెరెన్, 1942లో ఈజిప్టులోని ఎల్ అలమెయిన్, 1943లో ట్యునీషియా, 1944లో ఇటలీలోని కసీనో, ఇన్నిచోట్ల పోరాడిన డివిజన్ అది.

మూడోది బెంగుళూరు స్టూడియోలో తీయించుకున్నది. తల మీద అంచు లేని, గొట్టంలా నిటారుగా ఉండే టోపీ. అది మద్రాస్ శాపర్లది. వంతెనలు కట్టడం, మందుపాతరలు తియ్యడం వాళ్ళ పని. వాళ్ళ కంపెనీలు ఆ ఎర్ర గద్ద డివిజన్‌తో ఇటలీలో ఉన్నాయి. 1944 ఫిబ్రవరి 24న మిన్యానో దగ్గర మందుపాతర మీద పడుకుని తోటివాళ్ళని కాపాడి ప్రాణం వదిలిన సుబేదార్ సుబ్రమణ్యన్ ఆ శాపరే. చనిపోయాక ఆయనకి జార్జ్ క్రాస్ అనే బ్రిటిషు సాహస పతకం ఇచ్చారు. మా తాతయ్య ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కలే ఉన్నాడని నాకు నూటికి నూరుపాళ్ళు నమ్మకం.

ఛాతీ మీద ఉండే పతకాల రిబ్బన్లు కూడా చూడండి. ఇటలీలో పనిచేసినవాళ్ళకి ఇచ్చిన ఇటలీ స్టార్ పతకం రిబ్బన్‌కి ఆ దేశపు జెండా రంగులే, వరసగా ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు. నలుపు తెలుపు ఫొటోలో రెండు తెల్ల పట్టీలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. బర్మా స్టార్‌లో తెలుపే ఉండదు. చేతిమీద గీత ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్.

రిబ్బన్లున్న ఫొటో మాకు దాదాపు దక్కకుండా పోయేది. తాతయ్య పోయాక దండ వేసే పటం కోసం మా పెదనాన్న దాన్ని ఒక స్టూడియోకి ఇచ్చాడు. వాళ్ళు మెడ దాకా కత్తిరించి, కింద కోటూ టై అతికించి పెద్దది చేసి ఇచ్చారు. యూనిఫాం ముక్క చెత్తబుట్టలోకి పోయింది. యుద్ధం చేసొచ్చిన మనిషికి ఎవరిదో కోటు! ఇప్పటికీ ఆ పటం చూస్తే కడుపు మండుతుంది. అదే ఫొటో చిన్న కాపీ అత్తయ్య దగ్గర ఉండబట్టి సరిపోయింది.

ఇప్పుడు రంగులేసే యాప్‌లు వచ్చాయి. దయచేసి వాటి జోలికి వెళ్ళకండి. రిబ్బన్ రంగు వాటికి తెలీదు, తోచిన రంగు పూసేస్తాయి. రేపు మీ మనవడు అదే నిజమనుకుంటాడు.

ఇంకో మాట. "తెల్లవాడి జీతం కోసం వెళ్ళారు" అని వీళ్ళని తీసిపారేసేవాళ్ళంటే నాకు చాలా కోపం. ఆ యుద్ధంలో మన సైన్యం దాదాపు 25 లక్షలు. ఎక్కువమంది పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళే. తిరిగొచ్చాక వాళ్ళని కూర్చోబెట్టి ఏం చూశావని అడిగినవాడు లేడు. మా తాతయ్య ఇటలీ పేరు ఎత్తకపోవడానికి కారణం అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

పాత పెన్షన్ పుస్తకమో డిశ్చార్జి కాగితమో దొరికితే సర్వీసు నంబరు రాసిపెట్టుకుని ఆ రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం రాయండి. శాపర్లదైతే బెంగుళూరులో ఉంది. కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతికితే యుద్ధంలో చనిపోయినవాళ్ళే దొరుకుతారు, తిరిగొచ్చినవాళ్ళు దొరకరు.

అన్నిటికంటే ముందు మీ మేనత్తల ఇళ్ళకి వెళ్ళండి. కొడుకుల ఇళ్ళలో ఫొటోలు చెదలు పడతాయి, లేకపోతే స్టూడియోల పాలవుతాయి. పెళ్ళై వెళ్ళిన ఆడపిల్లలు నాన్న ఫొటో ఒకటి పెట్టెలో పెట్టుకుని వెళతారు. దొరికినదాన్ని వెనకవైపు కూడా స్కాన్ చెయ్యండి, స్టూడియో ముద్ర ఉండొచ్చు. భుజం భాగం పెద్దది చేసి నాకు పంపండి, చూసి చెబుతాను.