మాస్కు పెట్టుకున్నా పొద్దున్నే తలనొప్పి... ఎందుకని?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. హనుమకొండలో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. నా గురకకు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. పగలు కౌంటర్ దగ్గరే కునికిపాట్లు పడేవాణ్ని. నిద్ర పరీక్ష చేయిస్తే గంటకు 41 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని తేలింది. నిద్రలో ఊపిరి ఆగకుండా గొట్టం, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మెషీన్ వాడమన్నారు. ముక్కుకు మాత్రమే పెట్టుకునే మాస్కు ఇచ్చారు. 25 రోజులుగా వాడుతున్నాను. గురక పోయింది. పగటి కునుకు కూడా తగ్గింది. కానీ లేవగానే తల రెండు వైపులా పట్టేసినట్టు నొప్పి. దుకాణం తెరిచే వేళకు, పది గంటలకల్లా, దానంతటదే పోతుంది. రాత్రి రెండింటికల్లా ముక్కు దిబ్బడ వేస్తుంది. మందుల షాపులో అడిగితే ముక్కు చుక్కలు ఇచ్చారు, రోజూ పడుకునే ముందు వేసుకుంటున్నాను. తెల్లారేసరికి నోరు పిడచకట్టుకుపోతోంది. గాలి బయటికి పోతున్న చప్పుడు వస్తోందని మాస్కు పట్టీలు బాగా బిగించాను. మెషీన్‌తో పాటు నీళ్లు పోసే డబ్బా ఒకటి వచ్చింది. అవసరమైతేనే వాడండి అన్నారు, అటక మీద పెట్టాను. గాలి ఒత్తిడి ఎక్కువైంది, తగ్గించుకోండి అంటోంది మా ఆవిడ. తగ్గించనా? కొన్నాళ్లు మెషీన్ మానేయనా?

– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండూ వద్దు. ముందు అటక ఎక్కి ఆ డబ్బా దించండి.

నేను ఛాతీ వైద్యుణ్నే కాదు, ఆరేళ్లుగా ఈ గొట్టం తగిలించుకుని పడుకుంటున్న రోగిని కూడా. మీరు రాసినవాటిలో పట్టీలు బిగించడం, నీళ్ల డబ్బా పక్కన పెట్టడం నేనూ చేశాను. డాక్టరు కాబట్టి నాకు ఇంకా ఆలస్యంగా తెలిసింది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట తలనొప్పి కాదు, నోరు పిడచకట్టుకుపోవడం. మామూలుగా మనం ముక్కుతో పీల్చి ముక్కుతోనే వదులుతాం. లోపలికెళ్లే గాలిని ముక్కు తడిపి, వేడి చేసి పంపుతుంది. ఊపిరి వదిలేటప్పుడు ఆ తడిలో కొంత తిరిగి తనే దాచుకుంటుంది. నిద్రలో మీ నోరు తెరుచుకుంటే మెషీన్ గాలి ముక్కులోంచి వచ్చి నోట్లోంచి బయటికి పోతుంది. ముక్కు తడి ఇస్తూ పోవడమే, తిరిగి రావడం ఉండదు. ఎండిపోయిన ముక్కు లోపలి పొర రక్తనాళాలు ఉబ్బి వాస్తుంది. రాత్రి రెండింటికి మీకు వేసే దిబ్బడ అదే. ముక్కు మూసుకుంటే నోరు ఇంకా తెరుచుకుంటుంది, దాంతో ముక్కు ఇంకా ఎండుతుంది.

నీళ్ల డబ్బా ఉన్నది ఇందుకే. దాన్ని హ్యుమిడిఫయర్ అంటారు. నీటిని వేడి చేసి గాలికి తడి కలుపుతుంది. మధ్యస్థంగా పెట్టి మొదలుపెట్టండి, రెండు మూడు రాత్రులు చూసి ఒక అంకె పెంచండి. ఏసీ గదిలో పడుకుంటే గొట్టంలో నీళ్లు చేరి గుడగుడమని చప్పుడొస్తుంది, ఒక్కోసారి మొహం మీద చుక్క పడుతుంది. అప్పుడు అంకె ఒకటి తగ్గించండి, లేదా గొట్టాన్ని దుప్పటి కిందనుంచి తెచ్చుకోండి. నీళ్లు మాత్రం డిస్టిల్డ్ వాటరే. నేను మొదట్లో బోరు నీళ్లే పోశాను. నెల తిరక్కుండా డబ్బా అడుగున తెల్లగా సున్నంలా పేరుకుంది. పొద్దున్నే మిగిలిన నీళ్లు పారబోసి, కడిగి, ఆరబెట్టాలి. జలుబుగా ఉందని అందులో పిప్పరమెంటు, కర్పూరం, యూకలిప్టస్ నూనె వేసేవాళ్లు ఉన్నారు. అవి తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దయచేసి వేయకండి.

ఇక ముక్కు చుక్కలు. సీసా మీద ఆక్సీమెటజోలిన్ అనో జైలోమెటజోలిన్ అనో ఉందేమో చూడండి. ఉంటే, మీ దిబ్బడలో కొంత వాటా ఆ సీసాదే. ఇవి మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వేసుకోవాల్సిన మందులు. అంతకు మించితే మందు దిగిపోగానే ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుంటుంది. మనిషి మళ్లీ సీసా అందుకుంటాడు. పైగా బీపీ ఉన్నవాళ్లకు ఇవి అసలు మంచివి కావు. ఒకేసారి మానలేకపోతే ముందు ఒక ముక్కు రంధ్రంలో మానండి, అది తెరుచుకున్నాక రెండోది. ఆ వారం పది రోజులు కష్టంగానే ఉంటుంది, దాచడం ఎందుకు. ఈలోగా డాక్టరును అడిగి స్టెరాయిడ్ ముక్కు స్ప్రే మొదలుపెట్టవచ్చు. అది చుక్కల్లా ఐదు నిమిషాల్లో పనిచేయదు, పూర్తి గుణం కనపడ్డానికి రెండు వారాలు పట్టవచ్చు. రెండు రోజులు కొట్టి పనిచేయలేదని పారేయకండి. కొట్టేటప్పుడు మధ్య గోడ మీదికి కాకుండా కంటి చివర వైపు తిప్పి కొట్టండి.

మీ విషయంలో ఇంకోటి ఉంది. రోజంతా ఎరువుల ధూళి, పురుగుమందుల వాసన మధ్య కూర్చుంటారు. రాత్రి మెషీన్ దగ్గరికి చేరేసరికే మీ ముక్కు అలిసిపోయి ఉంటుంది. దుకాణంలో మాస్కు కట్టుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చండి. పడుకునే ముందు ఓ గంట ఉందనగా మందుల షాపులో దొరికే ఉప్పు పొడి ప్యాకెట్‌తో ముక్కు కడుక్కోండి. ఆ నీళ్లు మరిగించి చల్లార్చినవి అయ్యుండాలి, కుళాయి నీళ్లు పనికిరావు. మురికి నీళ్లలోని అమీబా ముక్కు ద్వారా మెదడుకు ఎక్కడం చాలా అరుదే గానీ, కేరళలో ఈ మధ్య అలాంటి కేసులు చూశాం. మంచం పక్కన దోమల చక్రం, గదిలో అగరొత్తులు ఉంటే తీసేయండి. మెషీన్ ఆ పొగనే పీల్చి మీకు పంపుతుంది. వెనక చిన్న ఫిల్టరు ఉంటుంది, బూడిద రంగుకు తిరిగిందంటే మార్చాలి.

తలనొప్పికి వద్దాం. రెండు వైపులా, నొక్కినట్టుగా, వాంతి వికారం లేకుండా, లేచిన నాలుగు గంటల్లోపు పోయే నొప్పి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే మీ జబ్బు పేరు ఇదే) తలనొప్పికి పాఠ్యపుస్తకాల్లో ఉండే వర్ణన. మరి మెషీన్ వాడుతుండగా ఎందుకు? నా అనుమానం ఇది: రెండింటికి ముక్కు మూసుకున్నాక మీకు తెలియకుండానే మాస్కు లాగేస్తున్నారేమో, లేదా నోట్లోంచి గాలంతా పోయి మెషీన్ పని దండగవుతోందేమో. కలల నిద్ర ఎక్కువగా ఉండేది తెల్లవారుజామునే, చాలామందికి ఊపిరి ఆగడం ముదిరేదీ అప్పుడే. గురక పోయిందంటున్నారు గానీ, ఇన్నేళ్లకు మీ ఆవిడగారు కూడా హాయిగా నిద్రపోతున్నారు కదా, రెండు దాటాక వినేవాళ్లెవరు?

సాక్ష్యం మెషీన్ దగ్గరే ఉంది. పొద్దున్నే తెర మీద మూడు సంగతులు చూడండి: ఎన్ని గంటలు వాడారు, లీక్ ఎంత, ఏహెచ్‌ఐ ఎంత. ఏహెచ్‌ఐ అంటే గంటకు ఊపిరి ఆగిన, తగ్గిన సార్ల లెక్క, మీ పరీక్షలో 41 వచ్చినది అదే. ఇప్పుడది 5 లోపు ఉండాలి. ఉండి, ఆరేడు గంటలు వాడుతూ, లీక్ కూడా లేకపోతే తలనొప్పికి వేరే కారణం వెతకాలి. మొదటి ముద్దాయి పట్టీలు. బుగ్గల మీద గీతలు ఎంతసేపు ఉంటున్నాయి? నాకు మధ్యాహ్నం దాకా ఉండేవి. ఓపీలో ఒక పెద్దావిడ ‘డాక్టరుగారూ, మొహానికేమైంది?’ అని అడిగితే గానీ నాకు బుద్ధి రాలేదు. మాస్కు అంచు గాలితో ఉబ్బితేనే మొహానికి అతుక్కుంటుంది, బిగిస్తే ముడత పడి ఇంకా కారుతుంది. మెషీన్ ఆన్ చేసి, పడుకుని, అప్పుడు సర్దండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి.

అసలు మీరు విన్న చప్పుడు లీకేనా అని కూడా నా సందేహం. మాస్కు ముందు భాగంలో సన్నటి రంధ్రాలు ఉంటాయి. మీరు వదిలిన గాలి పోవడానికి కావాలనే పెట్టినవి, వాటిలోంచి ఎప్పుడూ బుస్సుమంటూనే ఉంటుంది. వాటి మీద టేపు గానీ దుప్పటి గానీ ఉంటే వదిలిన బొగ్గుపులుసు వాయువునే మళ్లీ పీలుస్తారు. దానికీ తలనొప్పే వస్తుంది. 1981లో సిడ్నీ డాక్టరు కొలిన్ సల్లివన్ ఈ చికిత్స గురించి తొలిసారి ప్రచురించినప్పుడు గాలికి వాక్యూమ్ క్లీనర్ మోటారు, మాస్కు ముక్కు మీద నిలవడానికి జిగురు. ఆ రోజులతో పోలిస్తే మన పట్టీల బాధ ఎంతలెండి.

మీ ఆవిడగారి మాట పూర్తిగా కొట్టిపారేయను. ఒత్తిడి ఎక్కువైతే నోరు తెరుచుకుంటుంది. కానీ అది లెక్కలు చూసి డాక్టరు మార్చాల్సినది. మీరే తగ్గిస్తే పాత 41 వైపు జారిపోతారు. ముక్కు తెరుచుకున్నాక కూడా నోరు ఎండుతుంటే గడ్డం పట్టీ, లేదా నోరూ ముక్కూ కలిపి కప్పే మాస్కు అడగండి. నోటికి ప్లాస్టరు వేసుకునే పద్ధతి ఒకటి ఫోన్లలో తిరుగుతోంది, ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. ఎన్ని చేసినా ఎప్పుడూ ఒకే వైపు మూసుకుంటుంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, మధ్య గోడ వంకరగా ఉండవచ్చు.

లేవగానే బీపీ కూడా ఓ వారం చూసి రాసుకోండి. ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత నొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే ఇదేదీ చదువుతూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లండి. జ్వరంతో బుగ్గల్లో, కళ్ల మధ్య నొప్పి ఉంటే సైనస్ చూపించుకోవాలి.

ఒక్క విషయం మీరు రాయలేదు. ఈ నొప్పి మెషీన్ రాకముందు కూడా ఉండేదా, ఈ 25 రోజుల్లోనే మొదలైందా? పాతదైతే ఊపిరి ఇంకా ఆగుతోందేమో చూడాలి, కొత్తదైతే పట్టీలు, ముక్కు. పది రోజులు తెర మీది మూడు అంకెలూ, ఆ చుక్కల సీసా పేరూ ఒక కాగితం మీద రాసి మీ డాక్టరుకు చూపించండి. నాకూ ఒక కాపీ పంపండి.